ఓడిన జట్టులో ఉత్తమ మిడ్‌ఫీల్డర్

నమస్తే అండీ. 2021 మే 5, లండన్. యూరప్ క్లబ్బుల మధ్య జరిగే అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్, దాని సెమీఫైనల్ రెండో మ్యాచ్. చెల్సీ 2, రియల్ మాడ్రిడ్ 0. గోల్స్ కొట్టింది టిమో వెర్నర్, మేసన్ మౌంట్. మొదటి గోల్‌కి ముందు కై హావెర్ట్స్ కొట్టిన బంతి బార్‌కి తగిలి పైకి లేచింది, వెర్నర్ తలతో లోపలికి నెట్టాడు. రెండో గోల్‌కి చివరి పాస్ పులిసిక్‌ది. స్కోరు పట్టికలో ఉన్న పేర్లు ఇవే.

ఇప్పుడు ఆ రెండు గోల్స్ మళ్లీ చూడండి. ఈసారి పది సెకన్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. మొదటి గోల్‌లో మైదానం మధ్య నుంచి బంతితో దూసుకొచ్చి, వెర్నర్‌కి ఇచ్చి, మళ్లీ తీసుకుని, హావెర్ట్స్ ముందు పెట్టింది ఎన్‌గోలో కాంటే. రెండో గోల్‌లో మాడ్రిడ్ ఆటగాడి కాళ్ల దగ్గర నుంచి బంతి లాక్కుని పులిసిక్‌కి అందించిందీ కాంటేనే. రెండు గోల్స్‌కీ మూలం ఒక్క మనిషి. పట్టికలో మాత్రం అతనికి గోల్ లేదు, అసిస్ట్ కూడా లేదు.

ఆ రాత్రి మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా కాంటేనే ఎంచుకున్నారు. మాడ్రిడ్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లోనూ అతనే. పోర్టోలో మాంచెస్టర్ సిటీ మీద 1-0తో గెలిచిన ఫైనల్లోనూ అతనే. మూడు పెద్ద మ్యాచ్‌లు, మూడుసార్లూ ఒకే పేరు.

అదే ఏడాది ఆగస్టు 26న ఇస్తాంబుల్‌లో యుయెఫా, అంటే యూరప్ ఫుట్‌బాల్ సంఘం, ఆ సీజన్ అవార్డులు ఇచ్చింది. అందులో రెండు మనకి ముఖ్యం. ఒకటి యూరప్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు. రెండోది ఛాంపియన్స్ లీగ్‌లో ఆ సీజన్ ఉత్తమ మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాళ్లలో మేటి. రెండింటికీ చివరి దాకా మిగిలింది అవే మూడు పేర్లు: కాంటే, జోర్జీన్యో, కెవిన్ డి బ్రూయ్నే. ఉత్తమ ఆటగాడి అవార్డు జోర్జీన్యోకి వచ్చింది, కాంటే మూడో స్థానంలో నిలిచాడు. ఉత్తమ మిడ్‌ఫీల్డర్ అవార్డు కాంటేకి వచ్చింది.

ముగ్గురూ మిడ్‌ఫీల్డర్లే కదా, మరి ఒక లెక్కలో మొదటివాడు ఇంకో లెక్కలో మూడోవాడు ఎలా అయ్యాడు? అందులో పొరపాటేమీ లేదు. ఉత్తమ ఆటగాడి అవార్డు మొత్తం సీజన్‌కి సంబంధించింది. జోర్జీన్యో చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, అదే వేసవిలో ఇటలీతో యూరో కప్పూ గెలిచాడు. మిడ్‌ఫీల్డర్ అవార్డు మాత్రం ఒక్క ఛాంపియన్స్ లీగ్ ఆటనే చూసేది. ఓట్లు వేసేది కూడా గ్రూప్ దశలో ఆడిన 32 క్లబ్బుల కోచ్‌లు, వాళ్లతో పాటు 55 మంది పాత్రికేయులు. ఒక్కొక్కరూ ముగ్గురి పేర్లు రాయాలి, వరుసగా 5, 3, 1 పాయింట్లు. కోచ్ తన సొంత జట్టువాడికి ఓటు వేయకూడదు.

ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. అంటే కాంటేకి పడిన కోచ్‌ల ఓట్లన్నీ బయటి జట్ల కోచ్‌లవే. వాళ్లలో అతన్ని ఎలా ఆపాలా అని నిద్ర లేకుండా ఆలోచించినవాళ్లూ ఉంటారు.

అయితే ఈ అవార్డు ఇచ్చింది అదే చివరిసారి. ఆ తర్వాత యుయెఫా గోల్‌కీపర్, డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ అని విడివిడిగా ఇచ్చే అవార్డులు ఆపేసింది. ఎవరూ పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. నాకు మాత్రం బాధగానే ఉంది. ఎందుకో చెప్పాలంటే ఈ అవార్డు ఎవరెవరికి వచ్చిందో మొదటి నుంచి చూడాలి.

మొదలైంది 1997–98 సీజన్‌తో. మొదటి విజేత జినెదిన్ జిదాన్, అప్పుడు యువెంటస్‌లో ఉన్నాడు. ఆ ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఫైనల్లో యువెంటస్ 1-0తో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది. అంటే మొట్టమొదటి అవార్డే ఓడిన జట్టు ఆటగాడికి వెళ్లింది. ఇది గుర్తుపెట్టుకోండి.

1999లో డేవిడ్ బెక్హమ్. ఇతనిది గెలిచిన జట్టే, మాంచెస్టర్ యునైటెడ్. ఆ ఫైనల్‌కి రాయ్ కీన్, పాల్ స్కోల్స్ ఇద్దరూ సస్పెన్షన్ వల్ల ఆడలేదు. ఎప్పుడూ కుడి అంచున ఆడే బెక్హమ్‌ని మధ్యలోకి తెచ్చారు. ఆరో నిమిషంలోనే ఎదుటి జట్టు, జర్మనీకి చెందిన బయర్న్, గోల్ కొట్టింది, తొంభై నిమిషాలు అయ్యేదాకా అదే స్కోరు. అదనంగా కలిపిన సమయంలో బెక్హమ్ రెండు కార్నర్లు కొట్టాడు. మొదటిదాని నుంచి షెరింగ్‌హమ్ గోల్, రెండోదాని నుంచి సోల్‌షార్ గోల్. ఫుట్‌బాల్ చూసే ప్రతి ఒక్కరికీ సోల్‌షార్ కాలు చాపిన ఆ బొమ్మ గుర్తుంటుంది. ఆ కార్నర్ జెండా దగ్గర నిలబడినవాడి మీద అప్పుడు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో నేనెప్పుడూ ఆలోచిస్తాను. రెండుసార్లూ బంతి ఎక్కడ పడాలో అక్కడే పడింది.

ఆ తర్వాత వరుసగా నాలుగేళ్లు, 2000 నుంచి 2003 దాకా, ఈ అవార్డు ఫైనల్లో ఓడిన జట్టు ఆటగాడికే వెళ్లింది. ఈ నాలుగేళ్ల దగ్గర కొంచెం నిదానంగా నడుద్దాం.

2000, 2001 రెండూ గైస్కా మెండియెటావి. వాలెన్సియా కెప్టెన్. ఈ తరం వాళ్లలో చాలామందికి పేరే తెలియకపోవచ్చు. 2000లో పారిస్ ఫైనల్లో వాలెన్సియా రియల్ మాడ్రిడ్ చేతిలో 3-0తో చిత్తయింది. మరుసటి ఏడాది మిలాన్‌లో బయర్న్‌తో ఫైనల్. మ్యాచ్ మొదలైన మూడు నిమిషాల్లోపే పెనాల్టీ, మెండియెటా కొట్టాడు, గోల్. ఆ తర్వాత బయర్న్ సమం చేసింది. చివరికి పెనాల్టీ షూటౌట్. అందులోనూ మెండియెటా తన వంతు కొట్టాడు, గోల్. అయినా ఓడారు, ఎందుకంటే బయర్న్ గోల్‌పోస్టుల మధ్య ఒలివర్ కాన్ మూడు పెనాల్టీలు ఆపాడు. ఒకే ఫైనల్లో రెండుసార్లు కాన్ ఎదురుగా నిలబడి రెండుసార్లూ గోల్ కొట్టినవాడు మెడలో రన్నరప్ పతకంతో ఇంటికెళ్లాడు.

2002లో మైకేల్ బలాక్. అప్పుడు లెవర్‌కూసెన్‌లో ఉన్నాడు. ఆ ఏడాది లెవర్‌కూసెన్‌కి జరిగినట్టు ఏ జట్టుకీ జరగకూడదు. జర్మన్ లీగ్ చివరి రోజు ఒక్క పాయింట్ తేడాతో డార్ట్‌మండ్‌కి పోయింది. జర్మన్ కప్ ఫైనల్లో షాల్క చేతిలో ఓటమి. గ్లాస్గోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్ చేతిలో 2-1. గెలిపించిన గోల్ జిదాన్‌ది, గాల్లో నుంచి దిగుతున్న బంతిని ఎడమకాలితో కొట్టిన వాలీ. కొద్ది వారాలకే ప్రపంచ కప్. సెమీఫైనల్లో దక్షిణ కొరియా ఎదురుదాడికి వస్తుంటే బలాక్ ఫౌల్ చేసి ఆపాడు, ఎల్లో కార్డ్ పడింది. ఈ హెచ్చరిక కార్డులు పోగైతే తర్వాతి మ్యాచ్ ఆడనివ్వరు. ఫైనల్ ఆడలేడని అప్పటికే అతనికి తెలుసు. మరో నాలుగు నిమిషాలకి అతనే గోల్ కొట్టి జర్మనీని ఫైనల్‌కి చేర్చాడు. ఆ ఫైనల్లో జర్మనీ బ్రెజిల్ చేతిలో ఓడిపోయింది.

2003లో పావెల్ నెద్వెద్, యువెంటస్. టూరిన్‌లో సెమీఫైనల్, రియల్ మాడ్రిడ్ మీద 3-1. మూడో గోల్ నెద్వెద్‌దే. ఆ తర్వాత మెక్‌మానమన్ మీద ఒక ఫౌల్, ఎల్లో కార్డ్. మైదానం మధ్యలో కూలబడి ఏడ్చాడు. ఫైనల్‌కి దూరం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అతను లేని యువెంటస్ మిలాన్‌తో గోల్ లేకుండా 120 నిమిషాలు ఆడి, షూటౌట్‌లో ఓడింది. ఆ ఏడాది చివర్లో బాలన్ డోర్, అంటే ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే అవార్డు, కూడా నెద్వెద్‌కే ఇచ్చారు. అతను ఉంటే ఆ ఫైనల్ ఎలా ఉండేదో అని నాకు ఇరవయ్యేళ్లుగా ఒకటే ఆలోచన.

2004లో డెకో, పోర్టో. గెలిచిన జట్టు, ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. 2005లో మిలాన్ ఆటగాడు కకా. ఇస్తాంబుల్‌లో 3-0 ఆధిక్యం నుంచి ఓడిన మిలాన్. 2006లో మళ్లీ డెకో, ఈసారి బార్సిలోనాతో. 2007లో మిలాన్ తరఫున క్లారెన్స్ సీడోర్ఫ్, మూడు వేర్వేరు క్లబ్బులతో ఈ కప్ గెలిచిన ఒకే ఒక్క ఆటగాడు.

2008 దగ్గర ఆగాలి. ఫ్రాంక్ లాంపార్డ్. ఆ ఏప్రిల్‌లో అతని తల్లి చనిపోయారు. కొద్ది రోజులకే లివర్‌పూల్‌తో సెమీఫైనల్. అదనపు సమయంలో పెనాల్టీ వచ్చింది. కొట్టడానికి లాంపార్డే ముందుకొచ్చాడు. గోల్ పడ్డాక చేతికున్న నల్ల పట్టీని ముద్దు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాస్కో ఫైనల్లో చెల్సీ వెనకబడి ఉంటే స్కోరు సమం చేసిన గోల్ కూడా అతనిదే. షూటౌట్‌లో చెల్సీ ఓడింది. అవార్డు ఓడిన జట్టు ఆటగాడికి వెళ్లడం ఇది ఏడోసారి.

2009లో చావి, 2010లో వెస్లీ స్నైడర్. ఇద్దరివీ గెలిచిన జట్లు.

పదమూడు సీజన్ల లెక్క ఇప్పుడు చూడండి. ఫైనల్లో ఓడిన జట్టుకి ఏడుసార్లు, గెలిచిన జట్టుకి ఆరుసార్లు. నేను మొదటిసారి ఈ జాబితా రాసుకున్నప్పుడు తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

దీనికి ఒక కారణం ఉంది, దాన్ని దాచి చెప్తే అన్యాయం అవుతుంది. అదే వేదిక మీద సీజన్ మొత్తానికి ఉత్తమ క్లబ్ ఆటగాడు అనే అవార్డు కూడా ఇచ్చేవారు. అది 2000లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు ఫెర్నాండో రెడోండోకి వచ్చింది. 2001లో బయర్న్ కెప్టెన్ ఎఫెన్‌బర్గ్. 2002లో జిదాన్. 2005లో లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్. నలుగురూ మిడ్‌ఫీల్డర్లే, నలుగురూ కప్ గెలిచిన జట్టువాళ్లే. అంటే ఈ నాలుగుసార్లూ గెలిచిన జట్టు మిడ్‌ఫీల్డర్‌కి పెద్ద అవార్డు వెళ్లింది, మిడ్‌ఫీల్డర్ అవార్డు అవతలి జట్టు వైపు వెళ్లింది. ఇది ఓదార్పు బహుమతి అని మీరు అనొచ్చు. నేను అలా అనుకోను. ఫైనల్లో ఒక జట్టు గెలవాలి, ఇంకోటి ఓడాలి. షూటౌట్‌లో ఒక బంతి పోస్టుకి తగిలి బయటికి పోతే ఆ సీజన్‌లో నువ్వు ఆడిన ఆట చెరిగిపోదు. ఆ మాట గట్టిగా చెప్పిన అవార్డు ఇది.

ఇంకో మాట. ఒకే సీజన్‌లో ఉత్తమ ఆటగాడూ మిడ్‌ఫీల్డరే, ఉత్తమ మిడ్‌ఫీల్డర్ మాత్రం వేరొకడు. వినడానికి వింతగా ఉన్నా, దానివల్ల రెడోండో పక్కన మెండియెటా పేరు, జిదాన్ పక్కన బలాక్ పేరు చరిత్రలో నిలబడ్డాయి.

అసలు మిడ్‌ఫీల్డర్‌ని కొలవడం ఎందుకింత కష్టం? స్ట్రైకర్‌కి గోల్స్ ఉన్నాయి. గోల్‌కీపర్‌కి ఆపిన బంతులున్నాయి. మధ్యలో ఆడేవాడి పనిలో ఎక్కువ భాగం బంతి అతని దగ్గరికి రాకముందే అయిపోతుంది. నార్వేకి చెందిన గెయిర్ యోర్డెట్ అనే క్రీడా మనస్తత్వ పరిశోధకుడు కొన్నేళ్ల పాటు ఒక్కటే విషయం లెక్కపెట్టాడు. బంతి అందుకునే ముందు ఆటగాడు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తున్నాడు? ఎక్కువసార్లు చూసేవాళ్లు ఇచ్చే పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని అతని పరిశీలనలో తేలింది. అందులో అందరికంటే ముందున్నవాళ్లలో ఒకడు లాంపార్డ్. మనం మాత్రం లాంపార్డ్ అనగానే గోల్స్ గురించే మాట్లాడుకుంటాం. చెల్సీ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ, 211 గోల్స్. ఆ గోల్స్ వెనక అస్తమానం అటూ ఇటూ తిరిగే ఒక మెడ ఉంది.

మీరు ఒక పని చేసి చూడండి. వచ్చే మ్యాచ్‌లో పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క మిడ్‌ఫీల్డర్‌నే చూడండి. మొదటి రెండు నిమిషాలు విసుగ్గా ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటే కనపడుతుంది. ఫుల్‌బ్యాక్, అంటే అంచున ఆడే డిఫెండర్, ముందుకెళ్లగానే అతను నాలుగడుగులు వెనక్కి జరిగి ఆ ఖాళీ మూస్తాడు. డిఫెండర్‌కి పాస్ ఇచ్చే దారి లేకపోతే, దారి తానే అయ్యేలా పక్కకి వస్తాడు. ఎదుటి జట్టు ఎదురుదాడి మొదలుపెట్టబోతుంటే ఆ మొదటి పాస్ వెళ్లాల్సిన చోట ముందే నిలబడి ఉంటాడు, దాంతో ఆ పాస్ ఇవ్వనే ఇవ్వరు. ఇవ్వని పాస్‌ని ఏ పట్టికలో రాస్తారు?

ఇలాంటివాడి విలువ చాలాసార్లు అతను లేనప్పుడే తెలిసింది. 2003లో రియల్ మాడ్రిడ్ స్పెయిన్ లీగ్ గెలిచింది. ఆ వేసవిలో బెక్హమ్‌ని తెచ్చుకుంది, క్లోద్ మకెలెలేని చెల్సీకి అమ్మేసింది. మళ్లీ లీగ్ గెలవడానికి 2007 దాకా పట్టింది. ఈలోగా మకెలెలే చెల్సీలో రెండుసార్లు లీగ్ గెలిచాడు. డిఫెన్స్ ముందు అతను ఆడిన స్థానాన్ని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ మకెలెలే రోల్ అనే అంటారు. ఒక స్థానానికే పేరు పెట్టుకున్నారు, మిడ్‌ఫీల్డర్ అవార్డు మాత్రం అతనికి ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ ఈ అవార్డులోని లోపం కూడా చెప్పాలి. జాబితా మళ్లీ చూడండి. జిదాన్, బెక్హమ్, మెండియెటా, బలాక్, నెద్వెద్, డెకో, కకా, లాంపార్డ్, స్నైడర్. దాదాపు అందరూ గోల్ వైపు చూసే మిడ్‌ఫీల్డర్లే. డిఫెన్స్ ముందు కాపలా కాసేవాడికి, బంతి లాక్కోవడమే మొదటి పనిగా ఉన్నవాడికి ఈ అవార్డు రావడానికి 2021 దాకా, అంటే కాంటే దాకా ఆగాల్సి వచ్చింది. స్థానాల విషయంలోనూ గందరగోళమే. 2005లో కకా ఉత్తమ మిడ్‌ఫీల్డర్. 2007లో అదే క్లబ్, అదే కకా, ఉత్తమ ఫార్వర్డ్. 2020లో థామస్ ముల్లర్ మిడ్‌ఫీల్డర్ల చివరి ముగ్గురిలో ఉన్నాడు. మధ్యమైదానం గీత గీసి చూపించగలిగిన చోటు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

2010 తర్వాత ఆరు సీజన్లు ఈ అవార్డు ఆపేశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ ఆరేళ్లు ఎలాంటివో తెలుసు కదా. చావి, ఇనియెస్టా, బుస్కెట్స్ కలిసి ఆడిన కాలం. ష్వైన్‌స్టైగర్, క్రూస్, మోడ్రిచ్ పైకొచ్చిన కాలం. ఇనియెస్టా 2010 ప్రపంచ కప్ ఫైనల్లో, 2012 యూరో ఫైనల్లో, 2015 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడు. ఉత్తమ మిడ్‌ఫీల్డర్ జాబితాలో ఇనియెస్టా పేరే లేదు.

2017లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి రెండూ మోడ్రిచ్‌వే. అందులో వాదనే లేదు. ఆ తర్వాతి రెండేళ్లు చూడండి. 2019లో ఫ్రెంకీ డి యాంగ్, అయాక్స్. ఫైనల్‌కి కూడా చేరని జట్టు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సెమీఫైనల్ 96వ నిమిషంలో టోటెన్‌హామ్ ఆటగాడు లూకాస్ మౌరా మూడో గోల్ కొట్టినప్పుడు అయాక్స్ కుర్రాళ్లు ఉన్నచోటే నేలకొరిగారు. 2020లో డి బ్రూయ్నే. అతని జట్టు మాంచెస్టర్ సిటీ క్వార్టర్ ఫైనల్లోనే లియాన్ చేతిలో 3-1తో ఓడి బయటికొచ్చింది. కప్ గెలిచిన బయర్న్ నుంచి తియాగో, ముల్లర్ ఇద్దరూ చివరి ముగ్గురిలో ఉన్నారు, అయినా ఓట్లు డి బ్రూయ్నేకే పడ్డాయి. మొత్తం పద్దెనిమిది అవార్డుల్లో కప్ గెలిచిన జట్టుకి వెళ్లినవి తొమ్మిది. సరిగ్గా సగం. కప్పు ఎవరి చేతిలో ఉందో చూసి మాత్రమే ఓటెయ్యలేదన్నమాట.

మరి ఇప్పుడు? బాలన్ డోర్ వేడుకలో గోల్‌కీపర్‌కి యాషిన్ ట్రోఫీ ఉంది, 2019 నుంచి. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకి గెర్డ్ ముల్లర్ ట్రోఫీ ఉంది. కుర్రవాళ్లకి కోపా ట్రోఫీ ఉంది. మిడ్‌ఫీల్డర్‌కి ఏమీ లేదు. 2024 నుంచి యుయెఫా కూడా ఆ వేడుక నిర్వహణలో భాగస్వామి అయింది. ఒకప్పుడు మిడ్‌ఫీల్డర్‌కి అవార్డు ఇచ్చిన సంస్థే ఇప్పుడు ఆ వేదిక మీద ఉంది, అవార్డు మాత్రం లేదు.

బాలన్ డోరే మిడ్‌ఫీల్డర్లకి వస్తోంది కదా అంటారు. వచ్చింది, నిజమే. 2018లో మోడ్రిచ్, 2024లో రోడ్రి. 2024 అక్టోబర్ 28న పారిస్‌లో రోడ్రి చేతికర్రలతో వేదిక ఎక్కాడు. నెల రోజుల క్రితమే మోకాలి లిగమెంట్ తెగింది. అతను ఆడిన 74 మ్యాచ్‌ల్లో వరుసగా సిటీ ఒక్కటీ ఓడని రికార్డు ఉంది. అతను లేని ఆ శరదృతువులో అదే సిటీ వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. నాలుగేళ్లు వరుసగా లీగ్ గెలిచిన జట్టు ఆ సీజన్ మూడో స్థానంతో ముగించింది. అయినా రోడ్రికి బాలన్ డోర్ ఇవ్వడం సరైనదా కాదా అని నెలల తరబడి గొడవ జరిగింది. 2010లో స్నైడర్ ఇంటర్‌తో లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచి, ప్రపంచ కప్ ఫైనల్ ఆడి, ఐదు గోల్స్ కొట్టి కూడా నాలుగో స్థానంలో ఆగిపోయాడు. చావి 2009, 2010, 2011 మూడేళ్లూ మూడో స్థానమే. గోల్స్ కొట్టేవాళ్లతో పోటీ పెడితే మధ్యలో ఆడేవాడు ఎప్పుడో ఒకసారే గెలుస్తాడు.

ఇటలీ లీగ్ మాత్రం 2018–19 నుంచి ఏటా ఉత్తమ మిడ్‌ఫీల్డర్‌ని ఎంచుకుంటోంది. మిలింకోవిచ్-సావిచ్‌తో మొదలై గోమెజ్, బరెల్లా, బ్రోజోవిచ్ దాకా, ఒకరి ఆటకీ ఇంకొకరి ఆటకీ పోలికే ఉండదు. వరుసగా ఆ పేర్లు చదివితే ఆ లీగ్‌లో మధ్యమైదానం ఆట ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది. యూరప్ మొత్తానికి అలాంటి జాబితా 2021 దగ్గర తెగిపోయింది.

అందుకే ఆ ఖాళీ ఆరు సీజన్లకి నేనే ఓటేసుకున్నాను. అప్పటి నియమాల ప్రకారమే, ఒక్క ఛాంపియన్స్ లీగ్ ఆట మాత్రమే చూసి.

2011, చావి. వెంబ్లీలో పెడ్రోకి ఇచ్చిన ఆ పాస్ ఒక్కటి చాలు. 2014, మోడ్రిచ్. లిస్బన్‌లో 93వ నిమిషంలో రామోస్ తలకి చేరిన కార్నర్ అతనిదే. ఆ ఫైనల్లో ఉత్తమ ఆటగాడు డి మారియా, అతనికి ఓటేసినా నేను కాదనను. 2015, ఇనియెస్టా. బెర్లిన్‌లో నాలుగో నిమిషానికే రాకిటిచ్‌కి గోల్ పెట్టించాడు. 2016, కాసెమీరో. అతన్ని జట్టులో పెట్టాకే మోడ్రిచ్, క్రూస్ ఇద్దరూ నిశ్చింతగా ముందుకెళ్లి ఆడగలిగారు. 2013, ష్వైన్‌స్టైగర్, కప్ గెలిచిన బయర్న్‌కి గుండెకాయ.

2012 దగ్గర చాలాసేపు ఆగాను. కప్ గెలిచింది చెల్సీ, కెప్టెన్‌గా కప్ ఎత్తినవాళ్లలో లాంపార్డ్ ఉన్నాడు. నా ఓటు మాత్రం మళ్లీ ష్వైన్‌స్టైగర్‌కే. సెమీఫైనల్లో మాడ్రిడ్ మైదానంలో షూటౌట్ చివరి పెనాల్టీ కొట్టి బయర్న్‌ని ఫైనల్‌కి తెచ్చింది అతనే. ఫైనల్ వాళ్ల సొంత మైదానం మ్యూనిక్‌లో. మళ్లీ షూటౌట్, మళ్లీ అతని వంతు. చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ చేతివేళ్లకి తగిలి బంతి పోస్టుని కొట్టుకుని బయటికొచ్చింది. జెర్సీతో ముఖం కప్పుకుని నడిచి వెనక్కి వెళ్లాడు. మెండియెటా, బలాక్, నెద్వెద్, లాంపార్డ్ పేర్లు ఉన్న జాబితాలో ఆ రాత్రి ఓడినవాడి పేరు కూడా ఉండాలి అనిపించింది. మీ ఆరుగురు ఎవరో చెప్పండి. 2012 విషయంలో నాతో వాదించేవాళ్లుంటే ముందు వాళ్ల మాటే వింటాను.